ఎస్‌క్యూఎల్ క్వెరీల్లో టెక్స్ట్ కలపడం ఎలా: నల్ దగ్గర్నుంచి తెలుగు పొల్లు దాకా

ఇంటిపేరు ఒక కాలమ్‌లో ఉంటుంది, పేరు ఇంకో కాలమ్‌లో ఉంటుంది, రిపోర్ట్‌లో రెండూ కలిపి ఒకే పేరుగా రావాలి. డేటాబేస్‌తో పనిచేసే ప్రతివాళ్ళకీ మొదట్లోనే తగిలే పని ఇది. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) లో రాయాల్సిన క్వెరీ, అంటే ప్రశ్న, ఒక్క లైనే, కానీ అదే లైన్ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో చక్కగా పేరు ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో 0 ఇస్తుంది, ఇంటిపేరు లేని మనిషి వస్తే పేరు మొత్తం మాయమైపోతుంది. డేటా తెలుగులో ఉంటే ఇంకో రకం చిక్కులొస్తాయి, అవి ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో కనపడవు కాబట్టి వాటి గురించి ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తున్నా.

ఒక మాట ముందే. క్వెరీలన్నీ తెలుగు లిపిలోనే రాశాను, మీరు టైప్ చేసేటప్పుడు సెలెక్ట్, ఫ్రమ్, కాంక్యాట్ లాంటి కీవర్డ్‌లు, ఫంక్షన్ పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టాలి. గుర్తులు, కోట్స్, కామాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మనం వాడబోయే టేబుల్ పేరు సభ్యులు, ఒక హైస్కూల్ పాత విద్యార్థుల లిస్ట్ అనుకోండి. మూడు రోలు చాలు:

గుడివాడ | శ్రీనివాస్ | 12-3-45 | గాంధీ రోడ్ | విజయవాడ | 520001 | 2004
నల్ | లక్ష్మి | 7-1 | నల్ | తిరుపతి | 517501 | 2004
కొమ్మూరి | రమేశ్ | 18 | ఓక్ స్ట్రీట్ | ఎడిసన్ | 08817 | 2006

కాలమ్స్ వరసగా ఇంటిపేరు, పేరు, డోర్_నం, వీధి, ఊరు, పిన్, బ్యాచ్. లక్ష్మి గారి ఇంటిపేరు, వీధి ఎవరూ ఎంటర్ చెయ్యలేదు, అసలు కథంతా ఆ రో దగ్గరే ఉంది.

స్టెప్ 1: మీ డేటాబేస్‌కి ఏ గుర్తు పనిచేస్తుందో తేల్చుకోండి

స్టాండర్డ్ ఎస్‌క్యూఎల్ ప్రకారం కలిపే గుర్తు రెండు నిలువు గీతలు, 1992 స్టాండర్డ్ నుంచీ ఉంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూలైట్, డీబీ2 అన్నీ దీన్నే వాడతాయి:

సెలెక్ట్ ఇంటిపేరు || ' ' || పేరు ఫ్రమ్ సభ్యులు;

మధ్యలో ఆ ఒక్క స్పేస్ ఉన్న కోట్స్ మర్చిపోతే "గుడివాడశ్రీనివాస్" అని అతుక్కుపోయి వస్తుంది. డేటాబేస్ తనంతట తాను స్పేస్ పెట్టదు, మీరు ఇచ్చింది ఇచ్చినట్టు కలుపుతుంది. కోట్స్ సింగిల్‌వే వాడండి, డబుల్ కోట్స్ స్టాండర్డ్‌లో కాలమ్ పేర్ల కోసం, మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్‌కి కూడా నడుస్తాయి గానీ ఆ అలవాటు చేసుకుంటే రేపు వేరే డేటాబేస్‌కి వెళ్ళినప్పుడు అలాంటి కాలమ్ లేదని ఎర్రర్ వస్తుంది.

మైఎస్‌క్యూఎల్ సంగతి వేరు. అక్కడ రెండు గీతలు అంటే డిఫాల్ట్‌గా "లేదా" అనే లాజికల్ ఆపరేటర్. పై క్వెరీ రన్ చేస్తే అది రెండు పేర్లనీ నంబర్లుగా మార్చబోతుంది, పేర్లలో నంబర్ లేదు కాబట్టి 0 లేదా 0, రిజల్ట్ 0. ఎర్రర్ కూడా రాదు, వార్నింగ్ మాత్రమే. అదే డోర్_నం కాలమ్‌తో చేస్తే "12-3-45" లోంచి 12 తీసుకుని అది సున్నా కాదు కాబట్టి 1 ఇస్తుంది. రిపోర్ట్‌లో పేర్లుండాల్సిన చోట 0లు 1లు కనపడితే కారణం ఇదే. పైప్స్_యాజ్_కాంక్యాట్ అనే మోడ్ ఆన్ చేస్తే గీతలు కలపడం మొదలెడతాయి, కానీ ఆ సర్వర్ మీద నడిచే పాత క్వెరీల్లో ఎవరైనా గీతల్ని "లేదా" అర్థంలో వాడి ఉంటే అవి చెడిపోతాయి, కాబట్టి మైఎస్‌క్యూఎల్‌లో కాంక్యాట్ ఫంక్షన్ వాడటమే మేలు:

సెలెక్ట్ కాంక్యాట్(ఇంటిపేరు, ' ', పేరు) ఫ్రమ్ సభ్యులు;

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్లస్ గుర్తు. 2012 వెర్షన్ నుంచి కాంక్యాట్ ఫంక్షన్ కూడా ఉంది. ప్లస్‌తో ఇబ్బంది ఏంటంటే అది కూడికకి కూడా అదే గుర్తు కదా, ఒక వైపు నంబర్ ఉంటే రెండోదాన్ని కూడా నంబర్‌గా మార్చాలని చూస్తుంది, 'బ్యాచ్ ' + 2004 అని రాస్తే కన్వర్షన్ ఫెయిల్ అని ఎర్రర్, '12' + 3 అని రాస్తే 123 రాదు, 15 వస్తుంది. ఎర్రర్ వచ్చినా నయమే, తెలిసిపోతుంది, 15 వచ్చినప్పుడు ఎవరూ గమనించరు.

స్టెప్ 2: నల్ వస్తే ఏమౌతుందో చూడండి

నన్నడిగితే మొత్తం గైడ్‌లో ముఖ్యమైన స్టెప్ ఇదే. నల్ అంటే ఖాళీ టెక్స్ట్ కాదు, "విలువ తెలీదు" అని అర్థం. తెలీని దానికి ఏది కలిపినా వచ్చేది కూడా తెలీదు అనేది స్టాండర్డ్ లాజిక్. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో లక్ష్మి గారి రోకి నల్ || ' ' || 'లక్ష్మి' చేస్తే నల్ వస్తుంది, అంటే ఉన్న పేరు కూడా పోయింది. ఎస్‌క్యూలైట్‌లో అంతే, ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్లస్‌తో కూడా అంతే.

కాంక్యాట్ ఫంక్షన్ మాత్రం డేటాబేస్‌ని బట్టి మారుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది నల్‌ని ఖాళీగా భావించి మిగతావి కలుపుతుంది. మైఎస్‌క్యూఎల్ కాంక్యాట్‌లో ఒక్క ఆర్గ్యుమెంట్ (బ్రాకెట్‌లో ఇచ్చే విలువ) నల్ ఐనా మొత్తం నల్. పేరు ఒకటే, ప్రవర్తన రెండు రకాలు, ఒక ప్రాజెక్ట్ నుంచి ఇంకో ప్రాజెక్ట్‌కి మారినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

ఒరాకిల్‌ది ఇంకో దారి, అక్కడ ఖాళీ టెక్స్ట్, నల్ రెండూ ఒకటే, రెండు గీతలతో నల్‌ని కలిపితే పట్టించుకోకుండా మిగతాది ఇస్తుంది. కాబట్టి లక్ష్మి గారి పేరు పోదు కానీ ముందు ఒక స్పేస్ మిగిలిపోతుంది, " లక్ష్మి" అని. సార్ట్ చేసినప్పుడు ఆ పేరు లిస్ట్ పైకి ఎందుకెళ్ళిందా అని వెతుక్కుంటారు.

స్పేస్ కూడా మిగలకుండా ఉండాలంటే పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్‌లో ఇలా రాయొచ్చు:

సెలెక్ట్ కోఅలెస్(ఇంటిపేరు || ' ', '') || పేరు ఫ్రమ్ సభ్యులు;

బ్రాకెట్ లోపల ఇంటిపేరు నల్ ఐతే దానికి కలిపిన స్పేస్ కూడా నల్‌లో కలిసిపోతుంది, అప్పుడు కోఅలెస్ దాని బదులు ఖాళీ టెక్స్ట్ పెడుతుంది. ఇబ్బంది పెట్టే రూల్‌తోనే పని చేయించుకోవడం ఇది, నాకు చాలా ఇష్టమైన లైన్. ఒరాకిల్‌లో ఇది పనిచెయ్యదు, ఎందుకంటే అక్కడ నల్‌కి స్పేస్ కలిపితే స్పేస్ వస్తుంది, నల్ రాదు. అక్కడ ఎన్‌వీఎల్2(ఇంటిపేరు, ఇంటిపేరు || ' ', '') || పేరు అని రాయాలి.

స్టెప్ 3: అడ్రస్ లాంటి వాటికి కాంక్యాట్_డబ్ల్యూఎస్

రెండు కాలమ్స్ ఐతే కోఅలెస్‌తో లాగించేయొచ్చు, డోర్ నంబర్, వీధి, ఊరు, పిన్ అని నాలుగైదు ఉంటే క్వెరీ చదవలేం. దానికోసం ఉన్నదే కాంక్యాట్_డబ్ల్యూఎస్, అంటే కాంక్యాట్ తర్వాత ఒక అండర్‌స్కోర్, డబ్ల్యూ, ఎస్. మొదటి ఆర్గ్యుమెంట్ మధ్యలో పెట్టాల్సిన గుర్తు, తర్వాతవి కాలమ్స్:

సెలెక్ట్ కాంక్యాట్_డబ్ల్యూఎస్(', ', డోర్_నం, వీధి, ఊరు, పిన్) ఫ్రమ్ సభ్యులు;

శ్రీనివాస్ గారికి "12-3-45, గాంధీ రోడ్, విజయవాడ, 520001" వస్తుంది, లక్ష్మి గారికి "7-1, తిరుపతి, 517501" వస్తుంది, వీధి నల్ కాబట్టి దాని కామా కూడా రాదు. మైఎస్‌క్యూఎల్‌లో, పోస్ట్‌గ్రెస్ 9.1 నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 నుంచి, ఎస్‌క్యూలైట్ 3.44 నుంచి ఇది ఉంది, నల్ విషయంలో అన్నిట్లో ఒకేలా నడుచుకుంటుంది. అందుకే పేరైనా అడ్రస్ ఐనా నేను ముందు దీన్నే రాస్తా, ఇది దొరకని చోటే మిగతా పద్ధతులు. ఒరాకిల్ 19సీలో ఇది లేదు.

ఇందులో ఒక్క తిరకాసు ఉంది, నల్‌ని వదిలేస్తుంది గానీ ఖాళీ టెక్స్ట్‌ని వదలదు. వెబ్ ఫామ్‌లో వీధి బాక్స్ ఖాళీగా వదిలేస్తే చాలా అప్లికేషన్లు నల్ బదులు ఖాళీ టెక్స్ట్ సేవ్ చేస్తాయి, అప్పుడు "7-1, , తిరుపతి" అని రెండు కామాలొస్తాయి. అనుమానం ఉన్న ప్రతి కాలమ్‌ని ఇలా చుట్టండి:

నల్‌ఇఫ్(ట్రిమ్(వీధి), '')

ముందు అటూ ఇటూ స్పేస్‌లు కత్తిరించి, ఏమీ మిగలకపోతే నల్‌గా మారుస్తుంది, మిగతాది కాంక్యాట్_డబ్ల్యూఎస్ చూసుకుంటుంది. ట్రిమ్ ఇంకోందుకు కూడా పనికొస్తుంది, ఒరాకిల్ లేదా ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్ టైప్ వార్‌క్యార్ (టెక్స్ట్ ఎంత ఉంటే అంతే దాచేది) కాకుండా క్యార్(20) (ఎప్పుడూ 20 పొడుగు ఉండేది) ఐతే పేరు తర్వాత 20 దాకా స్పేస్‌లు నింపి ఉంటాయి, కలిపితే పేర్ల మధ్య పెద్ద గ్యాప్ వస్తుంది.

స్టెప్ 4: నంబర్లు, తేదీలు కలిపేముందు మీరే టెక్స్ట్ చెయ్యండి

డేటాబేస్ చాలాసార్లు తనే మార్చేస్తుంది, కానీ ఎలా మారుస్తుందో దాని చేతుల్లో ఉంటుంది. తేదీలకి ఇది బాగా తగులుతుంది, ఒరాకిల్‌లో సెషన్ సెట్టింగ్‌ని బట్టి తేదీ ఒక్కో మెషిన్‌లో ఒక్కోలా కనపడుతుంది. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లో టు_క్యార్, మైఎస్‌క్యూఎల్‌లో డేట్_ఫార్మాట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కన్వర్ట్‌కి స్టైల్ 105 ఇస్తే రోజు-నెల-సంవత్సరం మనకి అలవాటైన వరసలో వస్తుంది.

పిన్ కోడ్‌ని ఇంటీజర్ కాలమ్‌లో పెట్టొద్దు. మన పిన్‌లు సున్నాతో మొదలవ్వవు కాబట్టి ఇండియా డేటాతో తేడా తెలీదు, కానీ న్యూజెర్సీలో మనవాళ్ళు బాగా ఉండే ఎడిసన్ జిప్ 08817, ఇంటీజర్‌లో పెడితే 8817 ఐపోతుంది. ఆల్రెడీ అలా పడిపోయిన డేటా ఉంటే అమెరికా రోలకి మాత్రం ఎల్‌ప్యాడ్ ఫంక్షన్‌తో 5 అంకెలకి సున్నా నింపండి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఐతే రైట్('00000' + కాస్ట్(పిన్ యాజ్ వార్‌క్యార్(5)), 5).

స్టెప్ 5: తెలుగు డేటా ఐతే ఇవి చూడకుండా ముందుకెళ్ళొద్దు

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'శ్రీ ' + పేరు అని రాస్తే మామూలు సెటప్‌లో "శ్రీ" బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి, పేరు కాలమ్ ఎన్‌వార్‌క్యార్ (యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే టైప్) ఐనా సరే, ఎందుకంటే మీరు కోట్స్‌లో రాసిన ముక్క యూనికోడ్ కాదని అది అనుకుంటుంది. కోట్‌కి ముందు ఇంగ్లీష్ పెద్ద ఎన్ పెట్టాలి, ఎన్'శ్రీ ' + పేరు అన్నమాట. ప్రశ్నార్థకాలుగా టేబుల్‌లో సేవ్ ఐపోతే అసలు అక్షరాలు వెనక్కి రావు.

తర్వాతది పొల్లు. ఊరి పేరుకి "లో" కలిపి "ఎడిసన్‌లో ఉన్నారు" అనే వాక్యం తయారుచేద్దామని ఊరు || 'లో' రాస్తారు. విజయవాడలో, తిరుపతిలో బాగానే వస్తాయి. ఎడిసన్ దగ్గరికొచ్చేసరికి "ఎడిసన్లో" అని వస్తుంది, న కింద ల వత్తు పడిపోయి. హైదరాబాద్ ఐతే "హైదరాబాద్లో". డేటాబేస్ తప్పేం చెయ్యలేదు, మొదటి ముక్క చివర పొల్లు ఉంది, రెండో ముక్క మొదట్లో హల్లు ఉంది, ఆ రెండూ పక్కపక్కన పడితే ఫాంట్ దాన్ని సంయుక్తాక్షరంగా గీస్తుంది. రమేశ్, కుమార్ అనే రెండు ముక్కలు స్పేస్ లేకుండా కలిపినా ఇదే జరుగుతుంది, "రమేశ్కుమార్" అవుతుంది.

దీనికి మందు కంటికి కనపడని ఒక క్యారెక్టర్, జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని నంబర్ 8204. పొల్లుకీ హల్లుకీ మధ్య అది ఉంటే వత్తు పడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఇలా, పొల్లు గుర్తు నంబర్ 3149 కాబట్టి అది చివర ఉన్నప్పుడు మాత్రమే పెట్టేలా:

సెలెక్ట్ ఊరు || కేస్ వెన్ రైట్(ఊరు, 1) = సీహెచ్ఆర్(3149) దెన్ సీహెచ్ఆర్(8204) ఎల్స్ '' ఎండ్ || 'లో' ఫ్రమ్ సభ్యులు;

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సీహెచ్ఆర్ బదులు ఎన్‌క్యార్(8204), ఎస్‌క్యూలైట్‌లో క్యార్(8204). ఇలా కలిపింది చూపించడానికే వాడండి, టేబుల్‌లో సేవ్ చెయ్యొద్దు, కంటికి ఒకేలా ఉన్నా పోస్ట్‌గ్రెస్ మామూలు పోలికలో అది ఉన్న టెక్స్ట్, లేని టెక్స్ట్ రెండూ వేరు, వెతికితే దొరకదు. ఇక "కు" కలపడం జోలికి అసలు వెళ్ళకండి, విజయవాడకు అంటాం కానీ తిరుపతికు అనం కదా, తిరుపతికి అంటాం. అలాంటి చోట వాక్యం మానేసి "ఊరు: తిరుపతి" అని లేబుల్ పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు.

ఇంటిపేరు మొదటి అక్షరం తీసి ఇనీషియల్‌గా కలపడం ఇంకో ఉచ్చు. లెఫ్ట్(ఇంటిపేరు, 1) || '. ' || పేరు రాస్తే గుడివాడ లోంచి "గు" రాదు, "గ" వస్తుంది, ఎందుకంటే గ ఒక క్యారెక్టర్, కొమ్ము ఇంకో క్యారెక్టర్. "శ్రీ" ఒక్కటే డేటాబేస్ లెక్కలో నాలుగు, శ, పొల్లు, ర, దీర్ఘం. పైగా మనం రాసుకునేది "జి. శ్రీనివాస్" అని, ఇంగ్లీష్ అక్షరం చదివినట్టు, అది తెలుగు ఇంటిపేరు లోంచి ఏ ఫంక్షనూ తీయలేదు. ఇనీషియల్‌కి వేరే కాలమ్ పెట్టి మనిషి చేత ఎంటర్ చేయించడమే సరైన పద్ధతి.

స్టెప్ 6: చాలా రోలని ఒక లైన్‌లోకి తేవడం

ఒక్కో బ్యాచ్‌లో ఎవరెవరున్నారో కామాలతో ఒకే గడిలో కావాలి. పోస్ట్‌గ్రెస్:

సెలెక్ట్ బ్యాచ్, స్ట్రింగ్_ఏజీజీ(పేరు, ', ' ఆర్డర్ బై పేరు) ఫ్రమ్ సభ్యులు గ్రూప్ బై బ్యాచ్;

మైఎస్‌క్యూఎల్‌లో:

గ్రూప్_కాంక్యాట్(పేరు ఆర్డర్ బై పేరు సెపరేటర్ ', ')

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 నుంచి స్ట్రింగ్_ఏజీజీ(పేరు, ', ') వితిన్ గ్రూప్ (ఆర్డర్ బై పేరు), ఒరాకిల్‌లో అదే లిస్ట్‌ఏజీజీ పేరుతో. ఎస్‌క్యూలైట్‌లో గ్రూప్_కాంక్యాట్(పేరు, ', '). ఆర్డర్ బై లోపల రాయకపోతే పేర్లు ఏ వరసలో వస్తాయో గ్యారంటీ లేదు, ఈరోజు సరిగ్గా వచ్చినా రేపు మారొచ్చు.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. గ్రూప్_కాంక్యాట్ రిజల్ట్‌కి డిఫాల్ట్ పరిమితి 1024 బైట్లు, దాటితే కత్తిరించేసి ఒక వార్నింగ్ ఇస్తుంది, అప్లికేషన్‌లో ఆ వార్నింగ్ ఎవరికీ కనపడదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు క్యారెక్టర్‌కి 3 బైట్లు. "శ్రీనివాస్" లో క్యారెక్టర్లు 10, అంటే 30 బైట్లు, కామా స్పేస్ కలిపి 32. అంటే అంత పొడుగు పేర్లు 32 పడితే చాలు, లిమిట్ నిండిపోయింది. అదే పేరు ఇంగ్లీష్‌లో 8 అక్షరాలు, కామా స్పేస్‌తో 10 బైట్లు, వందకి పైగా పడతాయి. ఇంగ్లీష్ డేటాతో టెస్ట్ చేసి ఓకే అనుకున్న రిపోర్ట్ తెలుగు డేటాకి సగం పేర్లు మింగేస్తుంది, ఒక్కోసారి అక్షరం మధ్యలో ఆగి వత్తు ఊడిపోతుంది. క్వెరీకి ముందు ఈ లైన్ పెట్టండి:

సెట్ సెషన్ గ్రూప్_కాంక్యాట్_మ్యాక్స్_లెన్ = 1000000;

మరియాడీబీలో 10.2.4 నుంచి డిఫాల్టే సుమారు 10 లక్షల బైట్లు కాబట్టి అక్కడ బెంగ లేదు. ఒరాకిల్ లిస్ట్‌ఏజీజీకి మామూలుగా 4000 బైట్లు, దాటితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, 12.2 నుంచి ఆన్ ఓవర్‌ఫ్లో ట్రంకేట్ అని చెప్తే చివర చుక్కలు పెట్టి ఆపుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 8000 బైట్లు దాటితే ఎర్రర్, కాలమ్‌ని ఎన్‌వార్‌క్యార్(మ్యాక్స్) గా కాస్ట్ చేసి లోపలికి పంపితే సరిపోతుంది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే పద్ధతే నాకు నచ్చుతుంది, సగం డేటా చూపించి అంతా ఉందనిపించడం కంటే.

జాయిన్ (రెండు టేబుల్స్‌ని జతచేసి చదవడం) వల్ల పేర్లు రెండేసిసార్లు వస్తుంటే లోపల డిస్టింక్ట్ (ఒకేలా ఉన్నవి ఒక్కసారే తీసుకోమనే మాట) పెట్టొచ్చు, ఎస్‌క్యూఎల్ సర్వర్ స్ట్రింగ్_ఏజీజీలో ఆ సౌకర్యం లేదు, సబ్‌క్వెరీలో ముందే డిస్టింక్ట్ చెయ్యాలి. ఎస్‌క్యూలైట్‌లో డిస్టింక్ట్ పెడితే సెపరేటర్ ఇవ్వనివ్వదు, కామాయే గతి. డిస్టింక్ట్ పెట్టేముందు ఒకటి ఆలోచించండి, ఒకే బ్యాచ్‌లో ఇద్దరు శ్రీనివాస్‌లు ఉండటం మన దగ్గర మామూలు, డిస్టింక్ట్ ఒకరిని తీసేస్తుంది.

స్టెప్ 7: కలిపిన టెక్స్ట్‌తో వెతకడం, జాయిన్ చెయ్యడం

వేర్ ఇంటిపేరు || ' ' || పేరు = 'గుడివాడ శ్రీనివాస్' అని రాస్తే ఇంటిపేరు మీద, పేరు మీద ఉన్న మామూలు ఇండెక్స్‌లు (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికలు) పనికిరావు, డేటాబేస్ ప్రతి రోకీ కలిపి చూడాల్సిందే. వేర్ ఇంటిపేరు = 'గుడివాడ' అండ్ పేరు = 'శ్రీనివాస్' అని విడివిడిగా అడిగితే ఇండెక్స్ వాడుకుంటుంది. యూజర్ మొత్తం పేరు ఒకే బాక్స్‌లో కొడతారు తప్పదు అంటే పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌ప్రెషన్ మీదే ఇండెక్స్ పెట్టొచ్చు, కాకపోతే అందులో కాంక్యాట్, కాంక్యాట్_డబ్ల్యూఎస్ ఒప్పుకోదు, అవి ఇమ్యూటబుల్ (ఎప్పుడడిగినా ఒకే జవాబిచ్చేవి) కావని ఎర్రర్ ఇస్తుంది, రెండు గీతలు, కోఅలెస్‌తో రాయాలి. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి జెనరేటెడ్ కాలమ్ (వేరే కాలమ్స్ లోంచి డేటాబేసే తయారుచేసేది) చేసి దానిమీద ఇండెక్స్ పెట్టుకోవచ్చు.

రెండు కాలమ్స్ కలిపి ఒక కీ తయారుచేసి జాయిన్ చేసే అలవాటు కొందరికి ఉంటుంది. బ్లాక్ 12 ఫ్లాట్ 3, బ్లాక్ 1 ఫ్లాట్ 23, రెండూ కలిపితే 123. ఒకరి మెయింటెనెన్స్ బిల్లు ఇంకొకరికి వెళ్తుంది. ఇలాంటి జాయిన్‌కి కలపాల్సిన అవసరమే లేదు, రెండు కండిషన్లు అండ్‌తో రాస్తే చాలు.

స్టెప్ 8: యూజర్ ఇచ్చిన టెక్స్ట్‌ని క్వెరీలో కలపొద్దు

ఇప్పటిదాకా చెప్పింది డేటాని డేటాతో కలపడం. క్వెరీనే ముక్కలుగా కలిపి తయారుచెయ్యడం వేరే సంగతి, అది ప్రమాదం. అప్లికేషన్ కోడ్‌లో "సెలెక్ట్ ... వేర్ పేరు = '" కి యూజర్ కొట్టింది కలిపి చివర కోట్ పెట్టారనుకోండి, యూజర్ డి'సౌజా అని కొట్టినా క్వెరీ విరిగిపోతుంది, ఎవరైనా కావాలని

x' ఆర్ '1'='1

లాంటిది కొడితే కండిషన్ ఎప్పుడూ నిజమై టేబుల్ మొత్తం బయటికొస్తుంది, మనవాళ్ళ ఫోన్ నంబర్లు అడ్రస్‌లతో సహా. కోట్‌ని రెండు కోట్‌లుగా మార్చి నెట్టుకొద్దాం అనుకోవద్దు, పారామీటర్లు (క్వెరీకి విడిగా పంపే విలువలు) వాడండి, ప్రతి లాంగ్వేజ్ డ్రైవర్‌లో ఆ సౌకర్యం ఉంది, అప్పుడు యూజర్ కొట్టింది ఎప్పటికీ విలువగానే ఉంటుంది, క్వెరీలో భాగం అవ్వదు.

టేబుల్ పేరు, కాలమ్ పేరు మాత్రం పారామీటర్‌గా పంపలేం. ఏ కాలమ్‌తో సార్ట్ చెయ్యాలో యూజర్ ఎంచుకునే స్క్రీన్ ఉంటే, ఒప్పుకునే కాలమ్ పేర్ల లిస్ట్ కోడ్‌లో మీరే రాసుకుని వచ్చింది అందులో ఉంటేనే వాడండి. డేటాబేస్ లోపల ప్రొసీజర్‌లో డైనమిక్ క్వెరీ కట్టాల్సొస్తే పోస్ట్‌గ్రెస్‌లో ఫార్మాట్ ఫంక్షన్ ఉంది, పర్సెంట్ పక్కన పెద్ద ఐ పెడితే కాలమ్ పేరుకి, పెద్ద ఎల్ పెడితే విలువకి సరైన కోట్స్ తనే వేస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేర్లకి కోట్‌నేమ్, విలువలకి ఎస్‌పీ_ఎగ్జిక్యూట్ఎస్‌క్యూఎల్‌కి పారామీటర్లు. కోట్‌నేమ్‌కి 128 క్యారెక్టర్లు దాటిన టెక్స్ట్ ఇస్తే నల్ ఇస్తుంది, ఆ నల్‌ని ప్లస్‌తో కలిపితే స్టెప్ 2లో చూసినట్టే క్వెరీ మొత్తం నల్ ఐపోయి ఏమీ రన్ అవ్వదు, కాబట్టి రన్ చేసేముందు తయారైన క్వెరీ నల్ కాదని ఒక చెక్ పెట్టుకోండి.